పెన్సిల్వేనియా అడవులు: చెట్లకు నూరు మార్కులు, మోటెల్‌కు సున్నా

న్యూజెర్సీలో మనవాళ్లు ఫాల్ కలర్స్, అంటే ఆకులు రాలే ముందు అడవి రంగులు మారడం చూడాలనగానే వెర్మాంట్ రాష్ట్రం దారి పడతారు. మేం ఈసారి ఉత్తర పెన్సిల్వేనియాకి, రూట్ 6 హైవే మీదుగా వెళ్లాం. అక్టోబర్ రెండో వారం. మీరూ ఇటే వెళ్లండి, కానీ బస మాత్రం చూసుకుని పెట్టుకోండి.

ముందు ఆ బస సంగతే చెప్పాలి. దారిలో ఓ చిన్న ఊళ్లో మోటెల్. రాత్రికి 214 డాలర్లు, పన్ను వేరే. నవంబర్‌లో అదే గది 89. తీరా చేరాక కౌంటర్లో ఉన్నాయన "సీజన్ కదా, కనీసం రెండు రాత్రులు తీసుకోవాలి" అన్నాడు. బుకింగ్‌లో ఆ ముక్కే లేదు. చుట్టుపక్కల ఎక్కడా గదులు దొరక్క కట్టాం. గదిలో హీటర్ వేస్తే చల్లగాలి! మా నాన్నగారు మంకీ టోపీ పెట్టుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని మంచం మీద ముడుచుకు కూర్చున్నారు. పదేపదే వెళ్లి అడిగితే రాత్రి 11 దాటాక ఓ బుల్లి ఫ్యాన్ హీటర్ చేతిలో పెట్టాడు. డబ్బు మాత్రం ఒక్క డాలర్ తగ్గించలేదు. లాబీ గోడల నిండా ఎర్రటి మేపుల్ ఆకుల పోస్టర్లు. ఆ అడవి పేరు చెప్పి వ్యాపారం చేసేవాళ్లు అది చూడ్డానికొచ్చిన ముసలాయన్ని చలికి వణికిస్తారా? మా ఆవిడ తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.

వెల్స్‌బరో దగ్గర పైన్ క్రీక్ లోయ అందంగా ఉంది, జనమూ చాలామంది ఉన్నారు.

అసలు ఆనందం గేల్టన్ దగ్గర లంబర్ (కలప) మ్యూజియంలో మొదలైంది. నాన్నగారు రాజమండ్రిలో కలప అడితిలో గుమాస్తాగా చేశారు. అప్పటిదాకా "రాలే ఆకుల కోసం ఇంత పెట్రోలా?" అని సణిగినాయన, అక్కడి రంపాలూ పాత సామిల్లూ చూడగానే హుషారయ్యారు. ఈ కొండల్ని 1920 నాటికి దాదాపు బోడి చేసేశారట. హెమ్లాక్ అనే సూదాకుల చెట్టు బెరడు పచ్చితోళ్లు ఊని తోలు చెయ్యడానికి, మాను కలపకి. ఆ ఖాళీలో ఎండ కావాల్సిన బ్లాక్ చెర్రీ, దాంతోపాటు మేపుల్ లాంటి గట్టి కలప జాతులు లేచాయి. అంటే మనం ఫొటోలు తీసుకునే ఈ రంగులు చాలావరకు నరికిన చోట మళ్లీ పెరిగిన అడవివే. ఇప్పటికీ ఇక్కడ కలప కొడతారు. కొట్టిన చోట లేత మొలకల్ని జింకలు మేసెయ్యకుండా కొన్నిచోట్ల కంచెలు వేస్తారు.

మర్నాడు కింజువా వంతెన. 301 అడుగుల ఎత్తున 1882లో కట్టి, 1900లో ఉక్కుతో తిరిగి కట్టిన రైలు వంతెన, 2003 సుడిగాలికి సగానికి పైగా కూలింది. మిగిలిన భాగాన్ని 2011లో నడకదారి చేశారు. చివర కాళ్లకింద గాజు. కింద లోయంతా పసుపు, నారింజ, ఎరుపు. మా అమ్మాయి గాజు మీదే కూర్చుండిపోయింది. ప్రవేశం, పార్కింగ్ రెండూ ఉచితం.

ఆ దగ్గర్లోనే ఓ చిన్న సామిల్లు, పక్కన దుకాణం. బయట మాడిన చిప్స్ అతికించినట్టు నల్లటి పెళుసు బెరడుతో చెర్రీ దుంగలు. నాన్నగారు ఓ కోసిన పలకని గోటితో గీకి, వాసన చూసి, "మంచి చేవ రా" అన్నారు. లోపల లేత ఎరుపు, వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుందట. కూరలు తరిగే చెక్క 38 డాలర్లకి కొన్నాం. యజమాని నాన్నగారికి మిల్లంతా తిప్పి చూపించాడు, పైసా అడగలేదు. ఈ ప్రాంతం వాళ్లు చెయ్యాల్సింది ఇదే. ఆకుల కోసం వచ్చినవాళ్లకి చెట్టునీ కలపనీ చూపించాలి. వ్యూపాయింట్ల దగ్గర ఏ రంగు ఏ చెట్టుదో, దాని కలప ఎందుకు పనికొస్తుందో చెప్పే బోర్డులు పెట్టాలి. నాకు అలాంటివి ఎక్కడో ఒకటీ అరా తప్ప కనబడలేదు.

వెళ్లేవాళ్లు రాష్ట్ర అటవీ శాఖ సీజన్లో వారంవారం పెట్టే రంగుల రిపోర్టు చూసుకుని బయల్దేరండి. వారాంతం వద్దు. మోటెళ్ల జోలికి పోకుండా హిల్స్ క్రీక్ లాంటి స్టేట్ పార్కుల్లో క్యాబిన్ చాలా నెలల ముందే బుక్ చేసుకోండి. శాకాహారులైతే రైస్ కుక్కర్, ఆవకాయ సీసా తప్పనిసరి. ఆ ఊళ్లలో పిజ్జా తప్ప మాకింకేమీ దొరకలేదు.