ఏది పగిలిందిరా? ఎర్రది బావా: సోనోమా, మెండొసినోల్లో నాలుగు రోజులు

హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిదికి మొదట నాపా వైన్ తోటలు చూపిద్దామనుకున్నాం. వాడు ఫోన్లో రేట్లు చూసి, "నాలుగు గుక్కలు రుచి చూడ్డానికి ఇంత పోయాలా బావా?" అన్నాడు. నాకు కావలసిందీ అదే. పదేళ్లుగా ఫ్రీమాంట్‌లో ఉంటున్నా ఉత్తర కాలిఫోర్నియా బీరు ఊళ్లన్నీ ఒక వరుసలో తిరగడం కుదరలేదు. పైగా నాకిష్టమైన బీరు రకం, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు బాగా దట్టించిన ఎర్ర ఏల్, మా వీధి చివరి షాపులో కనబడ్డం దాదాపు మానేసింది. అల్మారా నిండా ఐపీఏ అని, హాప్స్ ఇంకా ఎక్కువ పడే రకం, అదీ మజ్జిగలా మసగ్గా ఉండేవే. సరే, ఎర్రదాన్ని పుట్టింట్లోనే వెతుకుదామని బయల్దేరాం.

ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. తాగిన రోజు మేమిద్దరం స్టీరింగ్ ముట్టం. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. 8 శాతం బీరు రెండు గ్లాసులు పడితే ఆ గీత ఎంత దగ్గరికొస్తుందో లెక్కలేసుకుంటూ తాగడం నా వల్ల కాదు. మా ఆవిడ తాగదు, కానీ ఆవిడకి మూడో రోజు నుంచే సెలవు. కాబట్టి మొదటి రెండు రోజులు పడవ, రైలు.

ఇది చాలామందికి తెలియని సుఖం. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెర్రీ బిల్డింగ్ దగ్గర పడవెక్కి లార్క్‌స్పర్‌లో దిగి, కాస్త నడిస్తే స్మార్ట్ అనే పేరున్న లోకల్ రైలు స్టేషన్ వస్తుంది. రైలు పెటలూమా, శాంటా రోసా మీదుగా పోతుంది. 2025లో విండ్సర్ దాకా పొడిగించారు. పెట్టెలు శుభ్రంగా ఉన్నాయి, కిటికీలు పెద్దవి. రైళ్లు మాత్రం మన ఎంఎంటీఎస్ లాగే, ఒకటి తప్పితే తర్వాతిదాని కోసం బెంచీ మీద కూర్చోవాలి. టైంటేబుల్ ఫోన్లో దించుకుని పెట్టుకోండి.

పెటలూమాలో లగునీటాస్ బ్రూవరీ. బయట చెట్ల కింద బల్లలు, పిల్లలు, కుక్కలు, గిటార్ వాయించేవాళ్లు. బార్ కన్నా పిక్నిక్ అనిపించింది. ఇక్కడ వాళ్ల ఐపీఏ తీసుకుంటే బావమరిది గ్లాసు ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. "ఇది ఐపీఏ అంటున్నావు, రాగి చెంబు రంగులో ఉందేంటి?" వాడి ప్రశ్నలోనే ఈ యాత్ర మొత్తం ఉంది.

ఈ కంపెనీదే సెన్సార్డ్ అని ఒక ఎర్ర ఏల్ ఉంది. మొదట పెట్టిన పేరు లేబుల్ అధికారులకు నచ్చకపోతే, దాని మీద "సెన్సార్డ్" అని ముద్ర కొట్టి అదే పేరు చేసుకున్నారు. పేరు గొడవ అక్కడితో ఆగలేదు. బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ రకాల పట్టిక 2008 కూర్పులో దీన్ని అమెరికన్ ఆంబర్ అనే రకం కింద ఉదాహరణగా చూపించారు. 2015 కూర్పులో అదే బీరు అమెరికన్ స్ట్రాంగ్ ఏల్ కింద తేలింది. గది మారింది కానీ గ్లాసులో ఉన్నది అదే.

సాయంత్రం శాంటా రోసా డౌన్‌టౌన్‌లో దిగి నడుచుకుంటూ రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ల పబ్‌కి వెళ్లాం. 2004 నుంచి ఉన్న చోటు. శుక్రవారం కావడంతో బయటే వరుస. వాళ్ల ప్లైనీ ద ఎల్డర్ బీరు కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, 8 శాతం ఉన్నా నాలుక మీద తేలిగ్గా జారిపోతుంది, అదే దాని ప్రమాదం. హాప్స్ గురించి రాసిన రోమన్ పెద్దాయన పేరది. మేం చిన్న గ్లాసుల ట్రే చెప్పుకున్నాం. పిజ్జా బాగుంది, మిరపకాయ ముక్కలు అడిగితే గిన్నెతో తెచ్చిచ్చారు. గ్లాసుకో డాలరు చొప్పున టిప్ పెడితే అడిగిన ప్రశ్నకల్లా ఓపిగ్గా జవాబు చెప్తారు, తీసుకునే ముందు రుచి కూడా చూపిస్తారు.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందో బావమరిదికి చెప్పింది అక్కడే. ఐర్లండ్ ఎర్ర ఏల్‌లో మాడ్చినట్టు వేయించిన బార్లీ చిటికెడు పడుతుంది, రంగు దానిదే, చేదు తక్కువ. అమెరికా వాళ్లది వేరే దారి, క్రిస్టల్ మాల్ట్. మొలకెత్తిన గింజను ఆరబెట్టకుండా, తడి మీద ఉండగానే వేడి చేస్తారు. పొట్టు లోపలే పిండి చక్కెరగా మారుతుంది. ఆ తర్వాత వేయిస్తే లోపలి చక్కెర పాకం పట్టినట్టు గట్టిపడి ఎర్రబడుతుంది. "ఉప్పుడు బియ్యమే కదా" అన్నాడు వాడు. సరిగ్గా అదే, ధాన్యాన్ని పొట్టుతో ఉడికించే పద్ధతే, చివర్లో వేయించడం తప్ప. ఆ బెల్లప్పాకం రుచి మీద కాస్కేడ్ లాంటి హాప్స్ వేస్తే కమలా తొక్క వాసన, చేదు వస్తాయి. కొంచెం వేస్తే ఆంబర్. ఇంకొంచెం వేసి ఆల్కహాల్ పెంచితే రెడ్ ఐపీఏ. ఇంకా పెంచితే స్ట్రాంగ్ ఏల్. వంటింట్లో చారుకీ రసానికీ మధ్య గీత గీసినట్టుంటుంది.

ఆ రాత్రి దిగిన మోటల్ పేరు చెప్పను. హైవే పక్కన, చౌకగా దొరికిందని బుక్ చేశా. గదిలో పాత సిగరెట్ కంపు, తెల్లారేదాకా లారీల మోత. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. మనిషి మర్యాదగానే మాట్లాడాడు, గదే బాలేదు. స్టేషన్‌కి నడక దూరంలో ఇంకో నలభై డాలర్లు పోసి తీసుకోవలసింది.

రెండో రోజు విండ్సర్‌లో రష్యన్ రివర్ వాళ్ల పెద్ద బ్రూవరీ. 2018లో తెరిచారు. పులియబెట్టే ట్యాంకుల మధ్య మనంతట మనమే తిరిగి చూడొచ్చు, బయట తోట విశాలంగా ఉంది. శాంటా రోసా పబ్‌కి వయసొచ్చిన ఇంటి కళ ఉంది, విండ్సర్‌కి సౌకర్యం ఉంది. పిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడికే రండి. కానీ ఆ రోజు సగం మా నిర్వాకానికే పోయింది. బావమరిది పాస్‌పోర్టు మోటల్లో మర్చిపోయాడు. 21 ఏళ్లు నిండినట్టు చూపడానికి ఫోన్లో ఫొటో చాలదు, అసలుదే కావాలి. నలభై దాటిన మనిషి నెత్తి మీద తెల్లవెంట్రుకలు చూపించినా లాభం లేకపోయింది. మళ్లీ రైలెక్కి వెనక్కి.

మూడో రోజు పొద్దున్నే మా ఆవిడ కారుతో వచ్చింది, వెనక సీట్లో పెరుగన్నం డబ్బా, గోంగూర పచ్చడి సీసాతో సహా. హీల్డ్స్‌బర్గ్ మీదుగా పోయాం. ఎర్ర ఏల్ ప్రేమికులకు ఇది పాత తీర్థం. రెడ్ రాకెట్ ఏల్ చేసిన బేర్ రిపబ్లిక్ 1990లలో ఇక్కడే మొదలైంది, ఈ ఊళ్లోని వాళ్ల పబ్ 2019లో మూతపడింది. ఊరి బయట ఇప్పుడు ద్రాక్షతోటల మధ్య 1905లో కట్టిన హాప్స్ ఆరబెట్టే భట్టీ నిలబడి ఉంది. మూడు శిఖరాలున్న రాతి కట్టడం. మాది కందుకూరు వైపు. చూడగానే పొగాకు బ్యారనే గుర్తొచ్చింది: కింద మంట, పైన పచ్చి సరుకు, వేడిగాలి పైకి లేచి తేమ లాక్కుపోవడం. పనీ అదే, వాసనే వేరు. ఒకప్పుడు ఈ లోయలన్నీ హాప్స్ తీగలే. బూజు తెగులు ఒకవైపు, వాషింగ్టన్ రాష్ట్రంలో మిషన్లతో కోసే యాకిమా పెద్ద పొలాలు ఇంకోవైపు, ఇక్కడి సాగు పోయి ద్రాక్ష వచ్చింది.

ఇంకా పైకి పోతే హాప్లాండ్. పేరే హాప్స్‌ది. 1983లో మెండొసినో బ్రూయింగ్ ఇక్కడ పబ్ తెరిచింది. మద్యనిషేధం తర్వాత కాలిఫోర్నియాలో మొదటి బ్రూపబ్, అంటే తన బీరు తనే కాచుకునే పబ్, అదే. అంతకుముందు సోనోమాలో మూతపడ్డ న్యూ ఆల్బియన్ అనే బ్రూవరీ సామాను, మనుషులు అక్కడికే చేరారు. వాళ్ల రెడ్ టెయిల్ ఏల్ ఈ ఎర్ర వంశానికి ముత్తాత లాంటిది. 1997లో ఈ కంపెనీ ఎవరి చేతికొచ్చిందో చెప్తే బావమరిది నమ్మలేదు. మన విజయ్ మాల్యా, యూబీ గ్రూప్. 2018లో అదీ ఆగిపోయింది. హాప్లాండ్‌లో కారు దిగి కాళ్లు చాపుకోవడం తప్ప చేసిందేం లేదు, భోజనానికి ఆగేంత ఊరు కాదు.

క్లోవర్‌డేల్ వెనక్కొచ్చి 128 రోడ్డు పట్టుకున్నాం. మలుపుల రోడ్డు, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి. బూన్‌విల్‌లో ఆండర్సన్ వ్యాలీ బ్రూయింగ్, 1987 నాటిది. ఈ ఊరివాళ్లకి బూంట్‌లింగ్ అని సొంత యాస ఒకటుండేది, బయటివాళ్లకి అర్థం కాకుండా. అందులో "బాల్ హార్నిన్" అంటే మంచిగా తాగడమని. అదే వాళ్ల నినాదం. బూంట్ ఆంబర్ 5.8 శాతం. హాప్స్ వెనక నిలబడి, పాకం ముందుకొస్తుంది. నాకు ఒక పిసరు తీపెక్కువ, వాడికి మాత్రం ఈ యాత్రలో ఇదే నంబర్ వన్.

అక్కడి నుంచి నవారో నది వెంట రెడ్‌వుడ్ చెట్ల మధ్యగా గంటకు పైనే ప్రయాణం, ఫోర్ట్ బ్రాగ్. నన్నడిగితే రాత్రి ఉండాల్సింది ఇక్కడే. మేం తీసుకున్నది సముద్రం కనబడని వైపు గది, కనబడే గది ధరలో మూడొంతుల్లో రెండొంతులు. పొగమంచు దిగితే రెండు గదుల్లోంచీ కనబడేది తెలుపే కాబట్టి తేడా డబ్బు దండగ. హీటర్ కాస్త మొరాయించింది, చెప్పిన పది నిమిషాల్లో మనిషొచ్చి బాగుచేశాడు, పొద్దున కాఫీ మాత్రం నీళ్లు. శనివారం అయితే రెండు రాత్రులు తప్పనిసరి అనే చోట్లున్నాయి, బుక్ చేసేముందు చూసుకోండి.

నార్త్ కోస్ట్ బ్రూవరీ వాళ్ల రెడ్ సీల్ ఏల్ కోసమే ఇంత దూరం వచ్చింది. 1988 నుంచి ఈ ఊళ్లోనే కాస్తున్నారు. 5.4 శాతం, చేదు లెక్క 42 ఐబీయూ. ఇక ఆ జడ్జీల పట్టిక తియ్యండి. అమెరికన్ ఆంబర్‌కి చేదు 25 నుంచి 40 ఉండాలి, దీనికి రెండెక్కువ. రెడ్ ఐపీఏకి 40 నుంచి 70, సరిపోయింది, కానీ ఆల్కహాల్ కనీసం 5.5 ఉండాలి, దీనికి ఒక చుక్క తక్కువ. పట్టికలో దీన్ని ఆంబర్ ఉదాహరణల్లోనే రాశారు. రెడ్ ఐపీఏ అనే గది 2015లో కట్టేసరికి రెడ్ సీల్ వయసు పాతికేళ్లు దాటింది. తర్వాత కట్టిన గదిలో ముందు పుట్టినవాడు పట్టకపోతే తప్పు ఎవరిది?

రుచికొస్తే, మొదట బిస్కెట్, తర్వాత కమలా తొక్క, మింగాక పొడిగా, చేదుగా ఆగుతుంది. తీపి నాలుకకి అంటుకోదు. మా ఊరి షాపులో కొన్నది ఇలా ఎందుకుండదో అప్పుడర్థమైంది. క్రిస్టల్ మాల్ట్ ఉన్న బీరు పాతబడితే హాప్స్ వాసన ముందు పోతుంది, మిగిలేది అట్టముక్క నానినట్టున్న పాకం. ఎర్ర ఏల్ జనానికి దూరం కావడంలో ఈ పాత సరుకు పాత్ర కూడా ఉందని నా అనుమానం. డబ్బా అడుగున తేదీ చూడకుండా కొనకండి.

నాలుగో రోజు గ్లాస్ బీచ్ చూశాం. ఊరి చెత్తంతా 1967 దాకా సముద్రంలో పారబోస్తే, అలలు అరగదీసిన గాజుముక్కలవి. ఫొటోల్లో ఉన్నంత లేదు. గాజు ఏరుకోవద్దని బోర్డుంది, అయినా ఏరుతూనే ఉన్నారు.

బావమరిది తిరిగి వెళ్లేటప్పుడు రెండు రెడ్ సీల్, రెండు బూంట్ ఆంబర్ సీసాలు లుంగీల్లో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాడు. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, ఇవి ఒకటిన్నర కూడా లేవు. శంషాబాద్‌లో దిగి ఇంటికెళ్లాక ఫోన్ చేశాడు. ఒక సీసా లుంగీలోనే పగిలిందట.

"ఏది పగిలిందిరా?" అన్నా.

"ఎర్రది బావా."