గానుగ సున్నం మేస్త్రుల పని: మా హైస్కూలు స్తంభాలకు చేయించి చూశాక

పాత కట్టడాలకు గార (సున్నపు పూత) పని తెలిసిన మేస్త్రుల కోసం వెతుకుతున్నవారికి ఇది పనికొస్తుంది. ఒంగోలు దగ్గర మా ఊరి హైస్కూలు వరండాకు పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఈ మధ్యే చేయించాం.

మా బడి 1904కు ముందు కట్టినది. ముందువైపు లావుపాటి గుండ్రటి స్తంభాలు, వాటి పైన త్రికోణపు ముఖం. ఈ గ్రీకు పోకడకు మద్రాసే దారి చూపింది. ఏథెన్సులోని గుడి నమూనాలో పచ్చయప్ప హాలును అక్కడ 1850 నాటికే కట్టారు. మా స్తంభాలు రాతివని అందరూ అనుకుంటారు. లోపలంతా ఇటుకే. ఆ నునుపు, ఆ మెరుపు సున్నానివి.

కొన్నేళ్ల కిందట ఎవరో కాంట్రాక్టరు స్తంభాల మొదళ్లకు సిమెంటు పూశాడు. ఇటుకల్లోని చెమ్మకు బయటికి దారి లేకుండా పోయింది. ఉప్పు పూసి, పెచ్చులు లేచి, వెనక ఇటుక పొడిపొడిగా రాలింది. పిల్లలు ఆనుకుని కూర్చునే చోటు అది. చూస్తే కడుపు తరుక్కుపోయేది.

మేస్త్రి వచ్చీ రాగానే ధర మాట్లాడలేదు. తాపీ పిడితో ఒక్కో స్తంభాన్నీ కొట్టి, చెవి దగ్గర పెట్టి విని, డొల్లగా మోగినచోట బొగ్గుతో గీత గీశాడు. “సిమెంటు మొత్తం తీసేయాలి సార్. దాని మీదే పూయమంటే నేను చేయను” అన్నాడు. పని ఈయనకే ఇవ్వాలని నాకప్పుడే అనిపించింది.

సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బారు. కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు పోశారు. ఆఖరి పూతకు గుడ్డలో వడగట్టిన సున్నం, కోడిగుడ్డు తెల్లసొన. అది ఆరకముందే నున్నటి రాయితో గంటల తరబడి రుద్దారు. రుద్దిన గారకు చెమట పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉండాలి. ఇప్పుడు చేత్తో నిమిరితే అద్దంలా జారుతుంది.

ఖర్చు సిమెంటు పనికంటే బాగా ఎక్కువ, వ్యవధీ ఎక్కువే. రెండింటికీ నాకు అభ్యంతరం లేదు. లోపాలు వేరు. మూల స్తంభం తలకట్టు దగ్గర పట్టీల అంచులు మొద్దుబారాయి. పక్కదానితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కింద కడప బండల మీద ఏమీ పరవకపోవడంతో సున్నం మరకలు పడ్డాయి, ఇంకా పూర్తిగా పోలేదు.

అయినా అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. వడగాలుల రోజుల్లో మాత్రం పని పెట్టుకోకండి, గార తొందరగా ఆరి బీటలిస్తుంది. తడి గోనెపట్టాలు కప్పే బాధ్యత ఎవరిదో, నేల మీద ఏం పరుస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.