బెంగళూరులో బైకు నడిపేవారి అత్యవసర వైద్య సమాచారం: కొన్నేళ్లు వాడిన తరువాత నా సమీక్ష

నా గుండెలో లోహపు కవాటం అమర్చారు. అది ఉన్నంతకాలం రక్తం గడ్డకట్టకుండా రోజూ అసెనోకౌమరాల్ మాత్ర వేసుకోవలసిందే. ఈ మందు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, పైకి చిన్న గాయం కూడా కనబడకుండానే లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం మామూలు మనిషికన్నా ఎక్కువ. స్కాన్ ఎంత త్వరగా తీయాలి, మందు ప్రభావాన్ని విటమిన్-కె తోనో ప్లాస్మాతోనో ఎప్పుడు తగ్గించాలి అన్న నిర్ణయాలకు ముందుగా వైద్యుడికి ఆ మందు సంగతి తెలియాలి. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌కు బైకు మీద ఆఫీసుకు వెళ్లివచ్చే నేను, ఒకవేళ మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ ఒక్క మాట నా తరఫున ఏది చెప్పగలదా అని వెతుకుతూ, బజారులో దొరికేవాటిని కొన్నేళ్లుగా వాడి చూస్తున్నాను.

మొదట కొన్నది హెల్మెట్ మీద అంటించే బ్లడ్ గ్రూపు స్టిక్కర్. నా అభిప్రాయంలో అన్నిటికంటే తక్కువ ఉపయోగం దీనిదే. స్టిక్కర్ మీద ఏమి రాసి ఉన్నా ఆసుపత్రివారు దానిని నమ్మి రక్తం ఎక్కించరు. గ్రూపు పరీక్షించి, దాత రక్తంతో సరిపోల్చి చూసిన తరువాతే ఎక్కిస్తారు. అంత వ్యవధి కూడా లేకపోతే ‘O’ గ్రూపు రక్తంతో మొదలుపెడతారు. పైగా కొన్ని రకాల జిగురు, రంగు పాలికార్బనేట్ చిప్పను బలహీనపరుస్తాయని హెల్మెట్ తయారీదారులే హెచ్చరిస్తారు.

హెల్మెట్ లోపలి మెత్తల కింద కార్డు పెట్టుకునే పద్ధతి బ్రిటన్‌లో ఉంది. లోపల కార్డు ఉందని తెలిపేందుకు అక్కడ హెల్మెట్‌పై పచ్చని చుక్క అంటిస్తారు. ఆ చుక్క అర్థం అంబులెన్స్ సిబ్బందికి తెలిసిన చోట ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. మన రోడ్ల మీద 108 వాహనం చేరేలోపే ఎవరో ఒకరు ఆటోలోకి ఎక్కించి ఆసుపత్రికి తరలించడం తరచూ జరిగేదే, ఆ తొందరలో హెల్మెట్ రోడ్డు పక్కనే ఉండిపోతుంది. మెడకు గాయమైందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు శిక్షణ లేనివారు హెల్మెట్ తీయనే కూడదు కనుక, కార్డు కోసం దానిని తీయించే ఏర్పాటు నాకు సమ్మతం కాదు. అయినా కార్డు ఉంచాను, బరువేమీ కాదు కదా.

హెల్మెట్‌కు తగిలించే, క్యూఆర్ కోడ్ ఉన్న పలక ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. స్కాన్ చేస్తే అమ్మిన సంస్థ వెబ్‌సైటు తెరుచుకుంటుంది, ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు, ఏటేటా రుసుము కట్టకపోతే వివరాలు కనబడవు. ప్రాణావసరమైన సమాచారాన్ని చందాకు ముడిపెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు. దానిని తీసేసి, వివరాలన్నీ కోడ్‌లోనే అక్షరాలుగా ఉండేలా నేనే ఒకటి తయారుచేసుకున్నాను. దీనిని నెట్ లేకపోయినా ఫోన్ కెమెరా చదువుతుంది. పార్కింగులో వేలాడే హెల్మెట్‌ను ఎవరైనా స్కాన్ చేయవచ్చు కనుక ఇంటి చిరునామా మాత్రం అందులో చేర్చలేదు.

ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ మీట నొక్కితే వైద్య వివరాలు కనబడేలా చేసుకునే సదుపాయం ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉచితంగా ఉంది, దీనిని బైకు ఉన్న ప్రతి ఒక్కరూ ఈ రోజే చేసుకోవాలని నా మనవి. లాక్‌లో ఉన్నప్పుడు కూడా చూపించేందుకు అనుమతి ఇచ్చారో లేదో సరిచూడాలి, ఫోన్ మార్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి. అయితే హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ పడినప్పుడు ఎక్కడికి ఎగిరిపోతుందో చెప్పలేము. అందుచేత దీనికి నా లెక్కలో రెండో స్థానం.

మొదటి స్థానం మణికట్టుకు కట్టుకునే స్టీలు పలకది. 1956లో అమెరికాలో మెడిక్‌అలర్ట్ సంస్థను స్థాపించిన వైద్యుడి కుటుంబం తమ కుమార్తెకు ఒక మందు పడకపోవడం చూసి ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. దీని బలమంతా ఒంటిని విడిచిపోకపోవడంలోనే ఉంది. మన చట్టాన్ని బట్టి చూసినా ఇదే సరైనది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారు తమ పేరు చెప్పనక్కరలేదని, వెళ్లిపోవచ్చని 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షను రక్షణ కల్పిస్తున్నాయి. అలా చేర్చిన మనిషి వెళ్లిపోయాక నా సంగతి చెప్పేందుకు నా ఒంటి మీద ఉన్నదే మిగులుతుంది.

నా పలకను చిక్‌పేటలో నేమ్‌ప్లేట్లు చెక్కే దుకాణంలో లేజరుతో చెక్కించాను. పేరు, కవాటం సంగతి, మందు పేరు, పెన్సిలిన్ పడదన్న మాట, రెండు ఫోన్ నంబర్లు మాత్రమే ఉన్నాయి. మోతాదు రక్తపరీక్షను బట్టి మారుతుంటుంది కనుక రాయించలేదు. బ్రాండు పేరు కాక మందు అసలు పేరు రాయించాను. మొదటి నంబరు అనంతపురంలోని అన్నయ్యది కాదు, కన్నడం ధారాళంగా మాట్లాడే మా ఆవిడది. ఫోన్ చేసేవారు ఇక్కడి మనిషే అయి ఉంటారు, ఆమె వెంటనే రాగలదు కూడా. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్‌ను కూడా తప్పకుండా ఎత్తాలని ఇద్దరికీ చెప్పి ఉంచాను. ఈ మాట చెప్పకపోతే చెక్కించిన నంబరుకు విలువే లేదు.

వాన పడిన ఒక సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు జారి పడ్డాను. స్పృహ తప్పలేదు గాని కంగారులో మాట సరిగా రాలేదు. అత్యవసర విభాగంలోని నర్సు బీపీ చూడబోతూ పలకను గమనించి డాక్టరును పిలిచింది, ఆయన మొదట అడిగిన ప్రశ్న నా చివరి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే పరీక్ష విలువ) ఎంత అనే. స్కాన్‌లో ఏ దోషమూ లేదు. ఆ ప్రశ్న అడిగించినందుకు పలక ధర నాకు పూర్తిగా తీరిపోయింది.

లోపాలు లేకపోలేదు. సిలికాన్ పట్టీ చెమటకు దురద పెట్టి, ఎండకు పగుళ్లు వచ్చింది. ఇప్పుడు నైలాన్ పట్టీ వాడుతున్నాను. మందు మారితే కొత్త పలక చెక్కించాల్సిందే. రెడీమేడ్ పలకలు అమ్మేవారు బ్లడ్ గ్రూపుకూ అలంకార చిహ్నానికీ సగం జాగా కేటాయించి మందుల పేర్లకు ఒకే పంక్తి ఇస్తున్నారు. ఇన్సులిన్, మూర్ఛ మందులు, చాలాకాలంగా స్టెరాయిడ్లు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు అటువంటివి కొనకుండా తమకు కావలసినట్టు చెక్కించుకోవడమే మేలు.