మూడేళ్లు వాడాక చెబుతున్నా: టెలిస్కోప్ కంటే వెదురు కర్రే నయం

మాది పర్లాకిమిడి. ఇంటి దగ్గర పిల్లలతో ఆకాశం ప్రయోగాలు మొదలుపెట్టి మూడేళ్లు దాటింది, ఏవి నిలబడ్డాయో ఏవి అటకెక్కాయో చెప్తాను.

మొదలైంది మా పెద్దాడి వల్ల. బళ్లో పఠాణి సామంత గురించి చెప్పారట, 1835లో ఒడిశాలోని ఖండపడాలో పుట్టి, వెదురుతో చెక్కతో తనే చేసుకున్న పరికరాలతో గ్రహాల లెక్కలు కట్టినాయన. "ఆయనకి టెలిస్కోప్ లేదు కదమ్మా, మనకెందుకు?" అన్నాడు. నేనప్పటికే ఒకటి ఆర్డర్ పెట్టేశాను, అది వేరే సంగతి.

ఎండలో నీడ కొలవడానికి పాతిన కర్ర గురించి ముందు. మొదటి ఏడాది మేడ మీద పూలకుండీలో ఇసుక పోసి పాతాం. జూన్ వచ్చేసరికి నీడ ఎంత చిన్నదైపోయిందంటే కుండీ అంచు కూడా దాటలేదు, కొలతలన్నీ దండగ. రెండో ఏడాది పెరట్లో నేల చదును చేసి, దారానికి నట్టు కట్టి నిలువు చూసుకుని, నేల పైన సరిగ్గా 1 మీటరు ఉండేలా పాతాం. మా దగ్గర డిసెంబర్ 22న మిట్టమధ్యాహ్నం నీడ 90 సెంటీమీటర్లు, మార్చి 21న 34. జూన్ 21న మబ్బు సందున దొరికిన పది నిమిషాల్లో పరిగెత్తి చూస్తే 8 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు! చిన్నది "అమ్మా, నీడ అటు తిరిగిపోయింది" అని ఒకటే అరుపు. సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అంత ఎక్కదు.

ఇంకో తమాషా, నీడ అతి పొట్టిగా ఉండేది 12 గంటలకి కాదు. నవంబర్ మొదట్లో 11:37కే అయిపోతుంది, ఫిబ్రవరిలో 12:08 దాకా సాగుతుంది. మన దేశమంతటి గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది, మేం దానికి కొంచెం తూర్పున ఉన్నాం కాబట్టి ఓ ఆరు నిమిషాలు ముందు, మిగతా తేడా భూమి ఇరుసు వాలు వల్లా, కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం వల్లా. ఇది పెద్దాడికి అర్థం కావడానికి రెండు శీతాకాలాలు పట్టింది, నిజం చెప్పాలంటే నాకూ అంతే. మే మధ్యలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకొచ్చి నీడ పూర్తిగా మాయమయ్యే రోజుకి మాత్రం స్టీలు గ్లాసు బోర్లిస్తే చాలు. అది జులై చివర్లో మళ్లీ వస్తుంది కానీ మాకు ఒక్కసారీ ఎండ దొరకలేదు.

రెండోది అద్దం. చిన్న అద్దానికి నల్ల కాగితం అంటించి మధ్యలో వేలిగోరంత చదరం కత్తిరించి, ఎండని 10 మీటర్ల దూరంలో చీకటి గది గోడ మీదకి కొట్టాం. చదరం పడాలి కదా, గుండ్రటి వెలుగు పడింది, సుమారు 9 సెంటీమీటర్లు. త్రికోణం కత్తిరించినా గుండ్రమే! అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మే, అదే గోడని దగ్గర చేస్తే మళ్లీ చదరం కనిపిస్తుంది. చూస్తుండగానే రెండు నిమిషాల్లో తన వెడల్పంతా పక్కకి జరిగిపోతుంది. అద్దంలోకి మాత్రం ఎవరూ చూడకూడదు, మేం వంతులవారీగా కాపలా కాశాం.

చంద్రుడి గుంటల కోసం చోడిపిండిలో (రాగిపిండి) గోలీలు వేయడం ఒక్కరోజు ముచ్చట. "తినే పిండి" అని అత్తగారు కేకలేశారు, అక్కడితో సరి.

ఇక టెలిస్కోప్. ఇన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని డబ్బా మీద రాసిన పెద్ద పెద్ద అంకెలు నమ్మొద్దు. ప్లాస్టిక్ స్టాండు, వేలు తగిలితే చాలు ఊగుతుంది, చంద్రుడు తప్పించుకుంటాడు. కిటికీ గట్టు మీద ఇసుక సంచి పెట్టి దాని మీద ఆనిస్తే గురుడి చుట్టూ మూడు చుక్కలు కనిపించాయి, 1610లో గెలీలియో చూసిన గురుడి చందమామలే, ఆ రాత్రికి పెట్టిన డబ్బు గిట్టింది అనుకోండి. కానీ దాంతో పాటు ఐపీస్‌కి (కన్ను ఆనించి చూసే కటకం) బిగించే నల్ల గాజు ఒకటి ఇచ్చారు, సూర్యుణ్ణి చూడటానికట. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "అందరూ వాడుతున్నారు మేడమ్" అన్నారు. సుత్తితో కొట్టి పారేశాను.

టెలిస్కోప్ ఇప్పుడు అటక మీదుంది. కర్రకి ఈ వానల్లో చెద పట్టింది, జీఐ పైపు తెచ్చి అదే గుంతలో పాతాం.