ఓటు చెప్పే అయ్యగారా, గ్రామసభలో అడిగే విశ్వాసా: ఏది మేలు?

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల చర్చిలకు కొత్త చుట్టాలు పుట్టుకొస్తారు. ఆరాధన ముగిసే వేళకు కారు ఆగుతుంది. నాయకుడు చర్చి పాస్టరు అయ్యగారి ముందు తల వంచి ప్రార్థన చేయించుకుంటాడు, సమాధుల తోటకు ప్రహరీ కట్టిస్తానంటాడు, పోతాడు. ఆ తర్వాత సంఘంలో మాట మూడు దారులు పడుతుంది. "మనకెందుకీ రాజకీయాలు, ప్రార్థన చేసుకుందాం" అని పెద్దవాళ్ళు. "అయ్యగారు ఒక్క మాట చెబితే అందరం ఒకే గుర్తుకు వేద్దాం, అప్పుడే మనకు విలువ" అని ఇంకొందరు. పార్టీ ఎవరిష్టం వారిది, ఊరి సమస్య ఒకటి పట్టుకుని గ్రామసభలో అడుగుదాం అనేవాళ్ళు తక్కువ. నేను ఈ తక్కువమంది వైపే.

అలాగని మొదటి దారిని చేతకానితనమని కొట్టిపారేసే కుర్రవాళ్ళతో నాకు పేచీ ఉంది. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. అప్పటి రోము పాలకులు మనకు మిత్రులేం కారు. ఓడిపోవాలని మనం కోరుకున్న ముఖ్యమంత్రి కోసం మనసారా ప్రార్థించేవాళ్ళు మనలో ఎందరు? అది తేలికైన పనేం కాదు. అయితే అక్కడే ఆగిపోవడంతోనే చిక్కు. చేలు కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలే మొర పెడుతుందని యాకోబు పత్రిక అంటుంది. చెరపట్టి తీసుకుపోయిన పరాయి పట్టణానికి సైతం క్షేమం కోరమని, దాని కోసం ప్రార్థించమని యిర్మీయా ఒకే వాక్యంలో రెండూ చెప్పాడు. మనం రెండోది పట్టుకుని మొదటిది వదిలేశాం.

ఇక అందరం ఒకే గుర్తుకు వేయడం. దీనికి మొదటి అడ్డు చట్టమే. అభ్యర్థి గానీ, అతని ఒప్పుదలతో మరొకరు గానీ మతం పేరుతో ఓటు అడిగితే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అది అవినీతి చర్య. అభ్యర్థి మతం ఒక్కటే కాదు, ఓటరు మతం పేరెత్తినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో తేల్చింది. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ పనికి వాడకూడదని 1988లో వేరే చట్టమే వచ్చింది. ఆదివారం ప్రకటనల్లో గుర్తు పేరు చెప్పే అయ్యగార్లలో కొందరికి ఇవేవీ తెలియవు. తెలిసీ చెప్పేవాళ్ళూ ఉన్నారనుకోండి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎన్నికలయ్యాక సంఘ కాపరిగా అదే అయ్యగారు అవతలి పార్టీ జెండా మోసిన ఇంటికి సమాధి కార్యక్రమానికి వెళ్ళాలి. పైగా పాస్టర్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే, 2021లో మొదలైన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఒకటుంది. పల్లెల్లో కానుకలతో ఇల్లు గడవని కాపరి దాన్ని తీసుకుంటే నేను తప్పుపట్టను. కానీ ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుంటున్న మనిషి ఓటు గురించి నోరు విప్పితే, మాట బైబిలు వాక్యానిదా వేతనానిదా అని వినేవాడికి అనుమానం రాకుండా ఉంటుందా?

కడప వైపు "మనవాడు" అన్న మాట బలంగా నడుస్తుంది, వైఎస్ కుటుంబం క్రైస్తవులు కాబట్టి. ఆ మాట చెప్పి ఓటు వేయమనేవాళ్ళూ, అదే మాట చెప్పి వద్దనేవాళ్ళూ పాలన గురించి మాట్లాడటం లేదు. గుళ్ళ దగ్గర అన్యమత ప్రచారాన్ని నిషేధించే చట్టం 2007లో వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డే. ముఖ్యమంత్రి కుర్చీ అందరిదీ కాబట్టి అలా జరగడమే సబబు. అందుకే "మనవాడు వస్తే మన పనులవుతాయి" అనే లెక్క నాకు మింగుడుపడదు.

మూడో దారికి అనంతపురం జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలని, ఆలస్యమైతే పరిహారం కట్టాలని ఆ పథకంలో నియమం పెట్టారు. పేదవాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చేయమన్న ద్వితీయోపదేశకాండానికి ప్రభుత్వ భాషలో ఇంతకంటే దగ్గరి మాట నాకు కనబడలేదు. కానీ కాగితం మీది గడువు తనంతట తాను నడవదు, పనుల లెక్కలు ఊరి ముందు చూసే సామాజిక తనిఖీలో ఎవరో లేచి అడగాలి. అక్కడ వాక్యం ఎత్తాల్సిన పని లేదు. వాక్యం ఇంట్లో చదువుకుని పోవాలి, సభలో మస్టరు రోలు మాట్లాడాలి. అప్పుడు పక్కనున్న సాయిబు, రెడ్డి, బోయ అందరూ అది తమ మాటే అంటారు.

ఈ దారి నెమ్మది. ఫొటో పడదు, ప్రహరీ రాదు. కక్షలున్న ఊళ్ళో ఒంటరిగా లేచి అడగడం ప్రమాదం కూడా. అందుకే చర్చి స్త్రీల కూటం అక్కలు పొదుపు సంఘంలోని మిగతా ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళడం మేలు. పదిమంది ఆడవాళ్ళు కలిసి అడిగితే కసురుకునే ధైర్యం తక్కువమందికే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం గ్రామసభ చాలదు, సంఘం సంఘంగానే నోరు విప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే, మన ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన తరగతుల కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ వర్గంలో. ఆదివారం చర్చిలో ఒక మతం, కుల సర్టిఫికెట్టులో ఇంకో మతంగా బతికే ఇళ్ళు ఎన్నో మనందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనం. 2023 మార్చిలో మన శాసనసభ వాళ్ళకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది, కానీ రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం జాబితా మార్చే అధికారం పార్లమెంటుది. ఇది ఒక పార్టీకి ఓట్లు కట్టబెట్టే బేరం కాదు, పౌరులుగా అడిగే హక్కు. కాబట్టి కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట ఎంపీలు ఏ పార్టీవాళ్ళయినా అందరికీ ఒకే అర్జీ, అవే మాటలతో ఇవ్వాలి. అదీ ఎన్నికల నెలలో కాదు, పార్లమెంటు సమావేశాలకు ముందు.