ఆర్సీ కార్ల ఛార్జర్‌కు పాత సర్వర్ పవర్ సప్లై: నాలుగేళ్ళ వాడకం తరువాత

నేను హైదరాబాదులో ఉంటాను. నా దగ్గర 1/10 స్కేలు ఆర్సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిపే చిన్న కార్లు, రెండు ఉన్నాయి. ఒకటి 2ఎస్ లైపో (రెండు సెల్లులను వరుసగా కలిపిన లిథియం పాలిమర్ బ్యాటరీ) మీద, రెండోది మూడు సెల్లుల 3ఎస్ లైపో మీద నడుస్తాయి. ప్యాకులన్నీ 5000 ఎంఏహెచ్‌వే. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవారు మంచి ఛార్జర్ కోసం నెలల తరబడి వెతుకుతారు కానీ, ఆ ఛార్జర్‌కు కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలన్న ప్రశ్న పెట్టె విప్పిన తరువాతే వారికి ఎదురవుతుంది. గోడ ప్లగ్గులో నేరుగా పెట్టుకునే ఛార్జర్లతో ఈ బాధ లేదు, కానీ అదే ధరలో దొరికే డీసీ ఛార్జర్ (విడిగా ఒక సప్లై నుంచి డీసీ కరెంటు ఇస్తేనే పనిచేసేది) అంతకు రెండు మూడు రెట్లు శక్తి ఇస్తుంది కనుక, డబ్బు చూసుకునేవారు చివరికి డీసీ వైపే వస్తారు. నేనూ అలాగే వచ్చాను. ప్రత్యేకంగా ఆర్సీ ఛార్జర్ల కోసమే తయారుచేసిన పవర్ సప్లై ధర నా ఛార్జర్ ధరను మించిపోవడంతో గత ఆరేళ్ళలో మూడు ప్రత్యామ్నాయాలు వాడాను: పాత కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టె), ఎల్‌ఈడీ బోర్డులకు వాడే ఎస్‌ఎమ్‌పీఎస్, సర్వర్ నుంచి తీసిన పవర్ సప్లై. మూడోది నాలుగేళ్ళుగా నా బల్ల మీద ఉంది. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే అయినా, మొదటి రెండింటి దగ్గర నేను నేర్చుకున్నది చెప్పకపోతే మూడోదాని విలువ తెలియదు.

ముందుగా లెక్క. 3ఎస్ ప్యాకు నిండినప్పుడు 12.6 వోల్టులు ఉంటుంది. 5000 ఎంఏహెచ్ ప్యాకును 1సీ వేగంతో, అంటే 5 ఆంపియర్లతో ఛార్జ్ చేస్తే చివరి దశలో ఛార్జర్ 63 వాట్లు ఇస్తుంది. రెండు ప్యాకులు ఒకేసారి పెడితే 126 వాట్లు. ఛార్జర్‌లో వేడి రూపంలో పోయేది కలుపుకుంటే సప్లై నుంచి దాదాపు 150 వాట్లు రావాలి, అంటే 12 వోల్టుల వద్ద పన్నెండున్నర ఆంపియర్లు. 2సీ వేగంతో పెడితే ఇది 25 ఆంపియర్లు అవుతుంది. నా ఛార్జర్ మీద ఒక్కో ఛానల్‌కు, అంటే ఒక్కో ప్యాకు పెట్టే చోటుకు, 250 వాట్లని రాసి ఉంది, కానీ అది 24 వోల్టుల ఇన్‌పుట్ ఇచ్చినప్పటి మాట. ఇన్‌పుట్ కరెంటుకు ఛార్జర్‌లో ఒక పరిమితి ఉంటుంది కాబట్టి 12 వోల్టులు మాత్రమే ఇస్తే అంత శక్తి రాదు. కొనేముందు ఈ ఒక్క విషయం సూచనల పుస్తకంలో చూసుకుంటే పెట్టె మీది పెద్ద అంకెకు అనవసరంగా డబ్బు పెట్టకుండా ఉండవచ్చు.

మొదట వాడినది ఇంట్లో మూలన పడి ఉన్న కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్. దాని 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను ఏదైనా ఒక నల్ల తీగకు కలిపితే అది ఆన్ అవుతుంది. పసుపు తీగలు 12 వోల్టులు, నల్లవి నెగటివ్. ఖర్చు ఏమీ లేదు కాబట్టి చాలామంది ఇక్కడే మొదలుపెడతారు, అందులో తప్పు కూడా లేదు. అయితే లేబులు మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుస ఎదురుగా 14 ఆంపియర్లు మాత్రమే ఉంది. అంటే మనకు పనికొచ్చేది 168 వాట్లే. పైగా ఆ పాత రకం సప్లైలు 5 వోల్టులనూ 12 వోల్టులనూ కలిపి నియంత్రిస్తాయి. 5 వోల్టుల వైపు లోడ్ ఏమీ లేకపోతే 12 వోల్టుల వైపు లోడ్ పెరిగేకొద్దీ వోల్టేజీ జారిపోతుంది. రెండో ప్యాకు పెట్టగానే ఛార్జర్ తెర మీద ఇన్‌పుట్ అంకె 11.9 నుంచి 11.4కు, అక్కడి నుంచి 11.1కు దిగడం, చివరికి ఛార్జర్ కీచుమని అరిచి ఆగిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఒక మిత్రుని సలహాతో ఎర్ర తీగకూ నల్ల తీగకూ మధ్య 10 ఓమ్స్, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ పెట్టాను. దాంతో 5 వోల్టుల మీద అర ఆంపియరు లోడ్ పడి 12 వోల్టులు కొంత నిలబడ్డాయి. ఒక ప్యాకు వరకు ఏడాదిన్నర బాగానే పనిచేసింది. రెండింటికి అది చాలలేదు.

తరువాత కొన్నది ఎల్‌ఈడీ బోర్డుల వాళ్ళు వాడే చిల్లుల డబ్బా లాంటి ఎస్‌ఎమ్‌పీఎస్, 12 వోల్టులు 30 ఆంపియర్లది. ఇందులో ఒక మంచి గుణం ఉంది: టెర్మినళ్ళ పక్కనున్న చిన్న మరను తిప్పి వోల్టేజీని 13కు పైగా పెంచుకోవచ్చు, అందువల్ల తీగల్లో పోయే నష్టాన్ని సర్దుకోవచ్చు. లేబులులో ఉన్నంత కరెంటును నిరంతరం లాగకుండా అరవై శాతం దగ్గర ఆపితే ఇది చవకైన, పనికొచ్చే వస్తువే. కానీ 230 వోల్టుల స్క్రూలు, 12 వోల్టుల స్క్రూలు ఒకే వరుసలో, పలుచని ప్లాస్టిక్ మూత కింద పక్కపక్కనే ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో దీన్ని చెక్క పెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో గాలి ఆడేలా బిగించకుండా వాడకూడదు. పక్కన 110, 220 అని మార్చే చిన్న స్విచ్ ఉంటే, కరెంటు పెట్టేముందు అది 220 వైపు ఉందో లేదో కళ్ళతో చూసుకోవాలి.

నా విషయంలో తప్పు నాదే. లగ్గులు (తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్కలు) వేయకుండా, పోగుల తీగను మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద బిగించాను. వేడెక్కడం, చల్లారడం వల్ల పోగులు నలిగి స్క్రూ కొద్దికొద్దిగా వదులైంది. ఐదో నెలలో ఒక సాయంత్రం గదిలో చేపల వాసన లాంటి ఘాటు వాసన వచ్చింది. మూత ఎత్తి చూస్తే పాజిటివ్ టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, తీగ తొడుగు రెండు అంగుళాల మేర గట్టిపడి పెళుసుగా మారింది. వేలితో వంచగానే విరిగింది. పదిహేను ఆంపియర్లు పారే చోట వదులు జాయింటు అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది. లగ్గు విలువ రెండు రూపాయలు. దయచేసి వేసుకోండి, నెలకొకసారి స్క్రూలు బిగించి చూసుకోండి.

ఇక అసలు విషయం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ పరిసరాల్లో పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒక దుకాణంలో 1,500 రూపాయలకు డీపీఎస్-600పీబీ అనే మోడల్ దొరికింది. హెచ్‌పీ సర్వర్లలో వాడిన 575 వాట్ల సప్లై ఇది. 12 వోల్టుల వద్ద 47 ఆంపియర్లు ఇస్తుంది. సర్వర్లలో ఏళ్ళ తరబడి పగలూ రాత్రీ ఆగకుండా నడవడానికి తయారైనవి కాబట్టి వీటి లేబులు మీది అంకె నిజమైన అంకె. దీన్ని ఆన్ చేయడానికి వెనుకనున్న చిన్న సిగ్నల్ పిన్నుల్లో 6, 8, 10 నంబర్లను కలపాలి. పిన్నుల లెక్క ఏ వైపు నుంచి మొదలవుతుందో మీ చేతిలోని సప్లైకి సరిపోయే బొమ్మతో పోల్చి, మల్టీమీటర్‌తో సరిచూసుకున్నాకే సోల్డర్ చేయండి, ఎందుకంటే ఒక్కో మోడల్‌కు ఈ పద్ధతి ఒక్కో రకంగా ఉంటుంది. 12 వోల్టులు బయటికి వచ్చే వెడల్పాటి పలకలకు తీగలు అతికించడానికి నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ అస్సలు సరిపోలేదు; పలక వేడినంతా లాగేసుకోవడంతో సీసం పూసలా పైనే నిలిచిపోయింది. ఒక రేడియో మెకానిక్ దగ్గర 100 వాట్లది అడిగి తెచ్చుకున్నాక సీసం నీళ్ళలా పారింది.

నాలుగేళ్ళుగా దీని పనితీరు గురించి చెప్పుకోవలసింది చాలా తక్కువ, అదే దీనికి పెద్ద మెప్పు. ఖాళీగా ఉన్నప్పుడు 12.2 వోల్టులు; రెండు 3ఎస్ ప్యాకులను 2సీ మీద పెట్టినప్పుడు దాని పలకల దగ్గరే కొలిస్తే 12.1. కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్‌తో నేను పడ్డ అవస్థ తరువాత ఆ అంకెను చూసి నిజంగా సంతోషపడ్డాను. ఛార్జర్ దగ్గర మాత్రం మొదట్లో 1సీ మీదే 11.5 కనిపించింది, దానికి కారణం తీగ. ఇంట్లో ఉన్న 1 చదరపు మిల్లీమీటరు తీగను మీటరున్నర పొడవున వాడాను. రానూపోనూ మూడు మీటర్లు. పన్నెండు ఆంపియర్ల వద్దే అందులో అర వోల్టుకు పైగా పోతుంది. దాన్ని తీసేసి 4 చదరపు మిల్లీమీటర్ల తీగను అరమీటరుకు కుదించాక ఆ నష్టం దాదాపు కనిపించకుండా పోయింది. సప్లై మీద ఎంత ఖర్చుపెట్టినా ఈ తీగ దగ్గర పిసినారితనం చూపితే అది వృథా.

ఇప్పుడు జాగ్రత్తలు. వీటిలో మొదటిదాన్ని మన ఇళ్ళలో చాలామంది పట్టించుకోరు. ఈ సప్లై బాడీ ఇనుపది, నెగటివ్ పలక ఆ బాడీకి కలిసి ఉంటుంది, బాడీ ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకు కలిసి ఉంటుంది. కొన్ని అద్దె ఇళ్ళలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనుక ఎర్త్ తీగ ఉండదు. అప్పుడు లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు బాడీ మీదికి చేరి, చేయి వేస్తే జివ్వుమంటుంది. నేను పాత ఇంట్లో ఉన్నప్పుడు నేల మీద కూర్చుని ఛార్జర్ కనెక్టర్ లోహానికి మోచేయి తగిలితే సన్నగా జిల్లుమనేది. ఛార్జర్ చెడిందనుకుని రెండు వారాలు తిప్పలు పడ్డాను. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ లాంపును ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూపిస్తే అది వెలగనే లేదు. ఎర్త్ వేయించిన రోజు నుంచి ఆ బాధ మళ్ళీ రాలేదు. సర్వర్ సప్లై కొనేముందు ఆ ఒక్క పరీక్ష చేయించమని గట్టిగా కోరుతున్నాను.

రెండోది, 47 ఆంపియర్లు ఇవ్వగల సప్లై షార్ట్ అయితే తనను తాను కాపాడుకుంటుంది కానీ, దానికి కలిపిన సన్నని తీగను కాపాడదు. అందుకే ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర దొరికే 30 ఆంపియర్ల ఫ్యూజును హోల్డర్‌తో సహా పాజిటివ్ తీగకు, సప్లైకి దగ్గరగా పెట్టాను. పలకలు రెండూ బయటికి కనిపించకుండా మందపాటి ప్లాస్టిక్ మూత చేయించాను. మూడోది శబ్దం. సర్వర్ సప్లైలలో సాధారణంగా చిన్న ఫ్యాను చాలా వేగంగా తిరుగుతుంది. పడకగదిలో రాత్రిపూట ఇది భరించదగిన శబ్దం కాదు. ఫ్యానును మార్చడం, దాని వేగం తగ్గించడం గురించి చాలామంది చెబుతారు. నేను ఆ పని చేయలేదు, చేయమని చెప్పను కూడా. లోపల మెయిన్స్ కెపాసిటర్ ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రాణాంతకమైన ఛార్జ్‌తో ఉండగలదు. నేను ఛార్జింగ్ బల్లను బాల్కనీ పక్కనున్న గదిలోకి మార్చుకున్నాను. రెండు సప్లైలను వరుసగా కలిపి 24 వోల్టులు చేసుకోవడం కూడా ఈ కోవలోదే. రెండింటి నెగటివ్‌లూ ఎర్త్ ద్వారా కలిసే ఉంటాయి కాబట్టి, మార్పులేవీ చేయకుండా అలా కలిపితే అది నేరుగా షార్టే.

ఇంత శక్తి అక్కరలేనివారికి ఇంకా సులువైన దారి ఉంది. మా మేనల్లుడి దగ్గర ఉన్నది ఒకే 2ఎస్ ప్యాకు. దాన్ని 5 ఆంపియర్లతో ఛార్జ్ చేయడానికి 42 వాట్లు చాలు కాబట్టి, వాడికి 19.5 వోల్టుల, 90 వాట్ల పాత ల్యాప్‌టాప్ అడాప్టర్‌కు ఎక్స్‌టీ60 కనెక్టర్ అతికించి ఇచ్చాను. శబ్దం లేదు, మూసి ఉన్న వస్తువు. ఒక్కటే షరతు, ఛార్జర్ ఇన్‌పుట్ 28 వోల్టుల వరకు తట్టుకునే రకమై ఉండాలి. 11 నుంచి 18 వోల్టులు అని రాసి ఉన్న పాత తరహా ఛార్జర్లకు ఈ అడాప్టర్ పెట్టకూడదు. చిన్న కారు ఒకటే ఉన్నవారు సర్వర్ సప్లై జోలికి వెళ్ళనవసరం లేదని నా అభిప్రాయం.

మైదానంలో మాత్రం గోడ ప్లగ్గు ఉండదు. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని తీసుకెళ్ళి చూశాను. దాని మొత్తం శక్తి 84 వాట్-అవర్లు, ఆయుష్షు చెడకుండా వాడుకోగలిగింది అందులో సగం, నా 3ఎస్ ప్యాకు ఒక్కదానికే 55 వాట్-అవర్లు కావాలి. ఆ ప్రయత్నం అక్కడితో ముగిసింది. ఇప్పుడు కారు బ్యాటరీ నుంచే తీసుకుంటున్నాను. మొసలి క్లిప్పులను బ్యాటరీకి ముందు బిగించి, రెండు మీటర్ల దూరంలో ఉన్న ఎక్స్‌టీ60 దగ్గర ఛార్జర్‌ను చివరగా కలుపుతాను, ఎందుకంటే కలిపేటప్పుడు వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ నుంచి వెలువడే వాయువుకు దూరంగా ఉండాలి. నా కారులోది 35 ఏహెచ్ బ్యాటరీ; రెండు 3ఎస్ ప్యాకులకు అందులో మూడో వంతు ఖర్చవుతుంది, అంతకు మించి ఇంజను ఆపి ఉంచి ఛార్జ్ చేయను. ఛార్జర్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ కనీస వోల్టేజీని 11.5గా పెట్టాను. అంకె అక్కడికి దిగితే ఛార్జర్ తనంతట తానే ఆగిపోతుంది, మమ్మల్ని ఇంటికి చేర్చవలసిన కారు బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాదు.