లిస్టీరియా తోక తప్పుగా కదిలిన పాఠం: ఒక వీడియో పాఠ్యక్రమంపై సమీక్ష

డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించే నాకు ఏటా ఒకే పాఠం దగ్గర ఇబ్బంది ఎదురవుతుంది. వ్యాధికారక బ్యాక్టీరియా కణంలోకి ప్రవేశించేవరకు నల్లబల్లపై బొమ్మ గీసి చెప్పగలను గాని, ఒక కణంలో పెరిగిన బ్యాక్టీరియా బయటికి రాకుండానే పక్క కణంలోకి ఎలా చేరుతుందో కదలని బొమ్మతో చెబితే విద్యార్థులకు నమ్మకం కుదరదు. అందువల్ల ఈ ఏడాది ఒక ఆన్‌లైన్ సంస్థకు ఆరు నెలల చందా 1,200 రూపాయలు చెల్లించి, వారి 40 నిమిషాల తెలుగు వీడియో పాఠాన్ని తరగతిలో చూపించాను.

లిస్టీరియా మోనోసైటోజెనెస్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకోవడం సరైన ఎంపిక. ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలిలో కూడా పెరగగలిగే ఈ బ్యాక్టీరియా ఆహారంతో పేగును చేరి, ఇంటర్నలిన్ అనే ప్రొటీన్ సాయంతో కణంలోకి దిగి, తనను చుట్టుకున్న పొరను లిస్టీరియోలైసిన్ ఓ అనే విషంతో ఛేదించుకుని కణద్రవ్యంలోకి వస్తుంది. ఈ విషం ఆమ్ల వాతావరణంలోనే ఎక్కువ చురుకుగా పనిచేస్తుందనీ, ఆశ్రయమిచ్చిన కణం వెంటనే చిట్లిపోకపోవడానికి అదొక కారణమనీ పాఠం చక్కగా వివరించింది. ఇంతవరకు యానిమేషన్‌లో వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా తోక దగ్గర వచ్చింది. లిస్టీరియా తన ఉపరితలంపై ఉన్న ఆక్ట్‌ఏ ప్రొటీన్‌తో కణంలో ఆక్టిన్ అల్లికను మొదలుపెట్టించే ఆర్ప్2/3 ప్రొటీన్ల సముదాయాన్ని ఆకర్షించి, ఆ కణానికే చెందిన, దానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే ఆక్టిన్ ప్రొటీన్‌ను తన వెనుక పోగులుగా అల్లించుకుంటుంది. తోకలా కనిపించే ఆ అల్లిక నెట్టుడే బ్యాక్టీరియాను ముందుకు తోస్తుంది. 37 డిగ్రీల దగ్గర అది ఈదడానికి పనికొచ్చే కశాభాలను దాదాపుగా తయారుచేయదు. అయినా వ్యాఖ్యాత ‘ఈదుతుంది’ అంటారు, తెరపై తోక కప్పపిల్ల తోకలా ఊగుతూ బ్యాక్టీరియా వెంట పోతుంది. వాస్తవంలో తోక ఎక్కడ పుట్టిందో అక్కడే నిలిచి, వెనుక నుంచి కరుగుతూ వస్తుంది. ఆకాశంలో విమానం వెళ్లిన దారిలో మిగిలే తెల్లని చార దీనికి దగ్గరి పోలిక. ఆక్టిన్‌పై వెలిగే గుర్తులు ఉంచి చూసిన ప్రయోగాలు 1992లోనే ఈ సంగతి తేల్చాయి. “మేడమ్, తోక ఆడించి ఈదగలిగితే మన కణంలోని ఆక్టిన్‌తో దానికేం పని?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్న యానిమేషన్ తయారుచేసినవారికి రావలసింది.

ఆ తర్వాతి ఘట్టం ఇంకా ముఖ్యమైనది. ఇలా నెట్టుకుంటూ వెళ్లిన బ్యాక్టీరియా కణత్వచాన్ని వేలిలా పొడుచుకువచ్చేట్లు చేస్తుంది. పొరుగు కణం ఆ వేలిని మింగడంతో రెండు పొరల సంచిలో చిక్కిన బ్యాక్టీరియా, అదే విషంతోనూ ఫాస్ఫోలైపేజ్ ఎంజైములతోనూ వాటిని తెంచుకుని మళ్లీ స్వేచ్ఛ పొందుతుంది. దీనికి పాఠం రెండు నిమిషాలైనా కేటాయించలేదు. కణాల్లోకి సరిగా చొరబడని జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను పెంపక ద్రవంలో కలిపినా లిస్టీరియా కణాల పరుపులో ఫలకాలు (కణాలు చచ్చి ఏర్పడే ఖాళీ మచ్చలు) ఏర్పరుస్తుందన్న ప్రయోగం చూపించి ఉంటే, అది బయటికి రాకుండానే వ్యాపిస్తుందనడానికి రుజువు విద్యార్థుల కళ్ల ముందే ఉండేది. యాంటీబాడీలకు అందని ఈ శత్రువును అదుపు చేయడానికి, సోకిన కణాలను గుర్తించే టీ కణాలు ఎందుకు అవసరమో కూడా అక్కడి నుంచే తేలిగ్గా చెప్పవచ్చు.

రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియాను ‘ఇదే విధంగా’ అన్న ఒక్క మాటతో దాటేశారు. అది ఐసీఎస్‌ఏ ప్రొటీన్‌తో ముందు కణంలోని ఎన్-వాస్ప్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, దాని ద్వారా ఆర్ప్2/3ను చేరుతుంది. గమ్యం ఒకటే గాని దారి వేరు. పొరుగు కణాలను ఏకంగా కలిపేసే బర్కోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా ప్రస్తావనే లేదు. దక్షిణ భారతంలో అది కలిగించే మెలియాయిడోసిస్ వ్యాధి కేసులు కనిపిస్తున్నప్పుడు, తెలుగు విద్యార్థుల కోసం చేసిన పాఠంలో ఇది చిన్న లోపం కాదు.

వీడియో ఎక్కడా ఆగకుండా నడిచింది, వ్యాఖ్యానం స్పష్టంగా ఉంది. ఉపశీర్షికల్లో కణత్వచాన్ని రెండు చోట్ల ‘కణ చర్మం’ అని రాయడం మాత్రం నవ్వు తెప్పించింది. ప్రశ్నల నిధి నిరుపయోగం. ఇరవై ప్రశ్నల్లో ఎక్కువ భాగం పేర్లను గుర్తుపెట్టుకోవడానికే. తోక సంగతి వివరంగా రాసి పంపితే, యానిమేషన్ విభాగానికి తెలియజేస్తామని రెండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు. నాలుగు నెలలు గడిచాయి. నిన్న మళ్లీ తెరిచి చూస్తే తోక ఇంకా ఊగుతూనే ఉంది, కాబట్టి చందా పొడిగించలేదు.